చెన్నై రోడ్ల మీద తెల్లకర్ర

నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి కంటి జబ్బంటే చెన్నై రైలెక్కడం మనవాళ్లకి పాత అలవాటు. నుంగంబాక్కంలో 1978లో మొదలైన శంకర నేత్రాలయ పేరు వినని ఇల్లు ఆ జిల్లాల్లో అరుదు. శుక్లమైతే ఆపరేషన్, నీటికాసులైతే చుక్కల మందు రాయించుకుని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. కానీ రెటినైటిస్ పిగ్మెంటోసా (కంటి వెనకపొర రెటీనా మెల్లగా పాడైపోయే జన్యు జబ్బు), బాగా ముదిరిన నీటికాసులు, షుగర్ దెబ్బతీసిన రెటీనా లాంటి వాటికి ఏ ఆసుపత్రిలోనైనా డాక్టరు ఒకరోజు చెప్పక తప్పని మాట ఒకటుంది: ఉన్న చూపు కాపాడుకుందాం, పోయింది మాత్రం తిరిగిరాదు. ఆ మాట విన్నాక కుటుంబం ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తుంది, తర్వాత చెట్టుమందుకి, తర్వాత మొక్కులకి. కర్ర పట్టుకుని నడవడం నేర్పే చోటికి వెళ్లాలన్న ఆలోచన అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది. చాలామందికి అసలు రాదు.

ఒంటరిగా తిరిగే అంధుణ్ని చూసి జనం అనే మాటలు ఇంచుమించు రెండే. అబ్బ, ఏం ధైర్యం అని ఒకరు. ఇప్పుడు ఏవేవో పరికరాలొచ్చాయిగా అని ఇంకొకరు. ధైర్యం, పరికరం రెండూ పనికొచ్చేవే, కానీ నడక వాటి మీద నిలబడి లేదు. చూపులేని మనిషి అడుగు వేసేముందే అక్కడ ఏముండాలో తలలో ఒక లెక్క ఉంటుంది. ఇంకో ఇరవై అడుగుల్లో మెకానిక్ షెడ్డు రావాలి, అది దాటగానే ఫుట్‌పాత్ దిగాలి, కుడిచేతి వైపు గోడ అయిపోవాలి. ఆ లెక్క సరిపోతోందో లేదో కర్ర, చెవి, పాదం, ముక్కు చెబుతుంటాయి. లెక్క కుదిరినంతసేపు నడక హాయిగా సాగుతుంది. తప్పిందా, ఎంత ధైర్యవంతుడైనా ఆగిపోతాడు. అందుకే ఇలా నడిచేవాళ్లకి ఊరితో ఉండే పేచీ చాలావరకు ఒకటే: నిన్నటి రోడ్డు ఇవాళ ఉందా, లేదా? చెన్నైలో సాయం చేసే చేతులకి కొదవ లేదు. నిన్నటి రోడ్డుకే కొదవ.

కర్ర ఏం చెబుతుంది

కర్రకి తెల్లరంగు వేసింది ఎదుటివాళ్లకి కనబడాలని. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, ప్రమాదంలో చూపు పోయిన జేమ్స్ బిగ్స్ అనే ఫొటోగ్రాఫర్ తన ఇంటి దగ్గర బళ్ల రద్దీకి భయపడి చేతికర్రకి తెల్లరంగు వేసుకున్నాడు. కర్రతో దారిని చదివే పద్ధతి ఆ తర్వాతెప్పుడో, రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న అమెరికా సైనికుల కోసం పుట్టింది. పెన్సిల్వేనియాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో 1944 ప్రాంతంలో అక్కడ పనిచేసే రిచర్డ్ హూవర్ అనే సార్జెంటు పొట్టి కర్రలు పక్కన పెట్టించి, పొడుగ్గా తేలిగ్గా ఉండే కర్రనీ, దాన్ని ఊపే పద్ధతినీ అలవాటు చేశాడు. ఇవాళ ప్రపంచమంతా నేర్పేది కొద్ది మార్పులతో అదే.

కర్ర నిటారుగా నిలబెడితే సుమారు రొమ్ము ఎముక దాకా రావాలి. చేతిని బొడ్డుకి ఎదురుగా, మధ్యలో ఉంచి, భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువగా అటూ ఇటూ ఊపాలి. ఎడమ కాలు ముందుకు పడుతున్నప్పుడు కర్ర కొస కుడివైపు నేలని తాకాలి. అంటే ఆ తర్వాత కుడికాలు పడబోయే చోటుని ముందే తడిమి పెడుతుందన్నమాట. చెప్పడానికి ఇంతే. ఒంటికి పట్టడానికి వారాలు పడుతుంది, ఎందుకంటే కంగారు పుట్టగానే చేతికీ కాలికీ లంకె తెగిపోతుంది. ఉచిత శిబిరాల్లో పంచే మడత కర్రలు చాలాసార్లు అందరికీ ఒకే పొడుగులో ఉంటాయి. పొడుగాటి మనిషికి అలాంటి కర్ర ఇస్తే ముందున్న గుంట సంగతి అందులో కాలు పెట్టే క్షణంలోగానీ తెలియదు.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెన్నైలో పనిచెయ్యదు. కొసతో తడుతూ పోయే పద్ధతి చదునైన ఫుట్‌పాత్‌కి బావుంటుంది. ఇక్కడ కాలువ మీద పరిచిన సిమెంటు పలకల మధ్య సందులో కొస ఇరుక్కుని, పిడి వచ్చి పొట్టలో గుచ్చుకుంటుంది. అందుకని కొసకి దొర్లే గుండు బిగించుకుని, నేల మీంచి ఎత్తకుండా జరుపుకుంటూ పోయేవాళ్లున్నారు. టీ నగర్ రంగనాథన్ వీధి లాంటి చోట కర్రని ఊపే జాగాయే ఉండదు. అక్కడ పెన్ను పట్టుకున్నట్టు పట్టి, దాదాపు నిటారుగా, పాదాల ముందే ఉంచుకోవాలి. ఇవన్నీ నేర్పే మనిషి దగ్గర నేర్చుకోవాల్సినవి. యూట్యూబ్ చూసి, అదీ ఇంకొకరు చూసి చెబితే, రావు.

కర్రకి నడుము పైన ఏముందో తెలియదు. బయటికి చొచ్చుకొచ్చిన ఏసీ పెట్టె, సగం దించిన షట్టరు, వేలాడే కేబుల్ వైరు, ఆగిన లారీ వెనక తలుపు: కింద నుంచి కర్ర ఖాళీగా దూరిపోతుంది, నుదురు వెళ్లి తగులుతుంది. దీనికోసమే ఐఐటీ ఢిల్లీ వాళ్లు స్మార్ట్‌కేన్ రూపొందించారు. 2014లో బయటికొచ్చిన ఈ పరికరాన్ని తయారుచేసేది చెన్నైకి చెందిన ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్. కర్ర పిడికి తగిలించిన ఆ డబ్బా అల్ట్రాసౌండ్ తరంగాలు పంపి, మోకాలి నుంచి తల దాకా 3 మీటర్ల లోపు అడ్డం ఏదైనా ఉంటే చేతిలో వణుకు పుట్టిస్తుంది. అయితే గుంటని పట్టుకునేది ఇప్పటికీ కర్ర కొసే. కర్ర పద్ధతి రాని మనిషికి ఈ డబ్బా ఇస్తే వణుకుతున్న డబ్బాతో గుంటలో పడతాడు. కొనేముందు ఈ వరస గుర్తుపెట్టుకుంటే డబ్బూ ఒళ్లూ రెండూ మిగులుతాయి.

కాస్త చూపున్నవాళ్ల తిప్పలు

తెల్లకర్ర పట్టిన ప్రతి మనిషికీ లోకం చీకటి కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, మెరుగైన కంట్లో అద్దాలు పెట్టినా చూపు 3/60 కన్నా తక్కువున్నా (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూడగలిగేది 3 మీటర్ల దగ్గర్లో కూడా కనబడకపోయినా), చూపు వైశాల్యం 10 డిగ్రీల లోపే ఉన్నా అంధత్వమే. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవాళ్లలో చాలామంది ఈ రెండో రకం. మొదట రేచీకటి వస్తుంది, తర్వాత పక్కచూపు తరుగుతూ నడిమధ్య ఒక చిన్న కన్నం మిగులుతుంది. ఆ కన్నంలోంచి ఫోన్లో మెసేజ్ చదవగలరు. కాళ్ల దగ్గర నిలబడ్డ కుక్కని చూడలేరు. మేనరికాలు ఎక్కువున్న మన కుటుంబాల్లో ఇలా తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ రావాల్సిన జన్యు జబ్బులకి అవకాశం పెరుగుతుంది కాబట్టి, ఇదేమీ దూరపు సంగతి కాదు.

రైల్లో దివ్యాంగుల పెట్టెలో కర్ర పట్టుకుని కూర్చుని ఫోన్ చూసుకుంటే ‘ఏం నాటకాలు’ అన్న చూపులు, ఒక్కోసారి మాటలు తప్పవు. దానికి జడిసి చాలామంది కర్ర దాచేస్తారు. పగలు ఎలాగో నెట్టుకొచ్చి, సాయంత్రం ఆరు దాటాక ఆఫీసు నుంచి ఇంటికి చేరడమే టెన్షన్‌గా బతుకుతారు. సంచిలో మడత కర్ర ఉంచుకుని, పొద్దు వాలాకే తీయడంలో తప్పేమీ లేదు. శిక్షణ ఇచ్చేవాళ్లు చూపు ఇంకా మిగిలి ఉండగానే మొదలుపెట్టమనేది కూడా ఇందుకే: ఉన్న చూపుతో దారి నేర్చుకుని, దాన్నే చెవితో పాదంతో గుర్తుపట్టడం సులువు. మొత్తం పోయేదాకా ఆగితే దారీ కర్రా ఒకేసారి నేర్చుకోవాలి.

చెవి పని

గోడ దగ్గరికి వస్తే ముఖానికి ఏదో తెలిసినట్టుంటుందని అంధులు చెప్పే మాటని పూర్వం చర్మానికున్న శక్తి అనుకునేవారు. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో 1944లో ప్రచురించిన ప్రయోగాల్లో అది చెవి చేసే పనేనని తేలింది. చెవులు మూసి నడిపిస్తే ఆ శక్తి మాయమైంది. పరిశోధకుల్లో ఒకరైన మైకేల్ సూపా స్వయంగా చూపులేనివారు. మన వీధిలో దీని ఉపయోగం చిన్నది కాదు. కాంపౌండ్ గోడ పక్కన నడుస్తుంటే చెప్పుల చప్పుడు దగ్గరగా వినిపిస్తుంది. గేటు రాగానే ఆ చప్పుడు విచ్చుకుంటుంది. ఆగిన బస్సు పక్కకి రాగానే రోడ్డు రొద సగానికి పడిపోతుంది. మూడో గేటు దాటాక మలుపు అని లెక్క పెట్టుకునేవాళ్లు ఈ విచ్చుకోవడాన్నే లెక్కపెడతారు.

చెవికి కొత్త శత్రువు ఎలక్ట్రిక్ స్కూటర్. యూరప్‌లో కొత్త మోడల్ ఎలక్ట్రిక్ కార్లు తక్కువ వేగంలో శబ్దం చెయ్యాలన్న నిబంధన 2019లో వచ్చింది. చెన్నై సందుల్లో భయపెట్టేవి కార్లకన్నా ఎదురు దిశలో, ఫుట్‌పాత్ అంచునే ఒరుసుకుంటూ వచ్చే ద్విచక్ర వాహనాలు. ఇక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో చెవి దాదాపు పనికిరాదు. వాన చప్పుడు బళ్ల చప్పుడుని మింగేస్తుంది, గొడుగు ఒక చేతిని తీసేసుకుంటుంది, మోకాలి లోతు నీళ్ల కింద తెరిచిన కాలువ ఉందో లేదో కర్రకి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. ఆ నెలల్లో బయటికి రాని రోజులుంటాయి. దాన్ని ఆత్మవిశ్వాసం లోపం అనడం అన్యాయం.

రోడ్డు దాటడం

శిక్షణలో నేర్పే సూత్రం ఇది: కూడలిలో మూల దగ్గర నిలబడి, తన పక్కనే, తాను వెళ్లే దిశలోనే సాగే బళ్ల చప్పుడు వినాలి. ఆ బళ్లు ఒక్కసారిగా కదిలాయంటే అడ్డంగా వెళ్లేవి ఆగాయని అర్థం. అప్పుడు వాటితో పాటే నడక మొదలుపెట్టాలి. సూత్రం చక్కగా ఉంది, కానీ అది ఎర్రలైటు దగ్గర అందరూ ఆగుతారన్న నమ్మకం మీద ఉంది. మన కూడళ్లలో ఫ్రీ లెఫ్ట్ ఉంటుంది. మిగతా అంతా ఆగినా ఎడమకి తిరిగే బళ్ల వరస ఎప్పుడూ తెగదు, సరిగ్గా మనిషి నిలబడే మూల మీదుగానే పోతుంది. లైటు మారకముందే హారన్లు మోగిస్తూ కదిలే ఆటోలు సరేసరి. చెవి చెప్పే సాక్ష్యం తారుమారవుతుంది.

అందుకే ఇక్కడ ఆరితేరినవాళ్లు మూల నుంచి కాస్త వెనక్కి వచ్చి, జనం గుంపుగా దాటే చోటు చూసుకుంటారు. బస్సు దిగిన జనంతో కలిసి దాటడం అన్నిటికన్నా భద్రం. ఎవరినైనా అడగాల్సి వస్తే ‘బళ్లు వస్తున్నాయా’ అని అడగరు. ఆ ప్రశ్నకి ‘రావట్లేదు’ అని చెప్పి వెళ్లిపోయేవాళ్లుంటారు, రెండు క్షణాల్లో లారీ వస్తుంది. ‘మీరూ దాటుతున్నారా, కలిసి వెళ్దామా’ అని అడిగి, వాళ్ల మోచేతి పైభాగం పట్టుకుంటారు.

పట్టుకోవడంలోనే ఉంది కిటుకు. సాయానికి వచ్చిన మనిషి సాధారణంగా మణికట్టు పట్టి లాగుతాడు, లేదా కర్ర కొస పట్టుకుని ముందుకు నడుస్తాడు. కర్ర కొస పట్టుకున్నాడంటే కళ్లు మూసినట్టే. వెనక నుంచి భుజం పట్టి తోసినా అంతే, గుంట ముందుగా తగిలేది తోయబడ్డ మనిషికే. మోచేయి ఇస్తే చూపులేని మనిషి అర అడుగు వెనక ఉంటాడు. ముందున్న మనిషి మెట్టు దిగినప్పుడు ఆ చేయి కిందికి జారడం వల్లే ఇతనికి మెట్టు ఉందని తెలుస్తుంది, నోటితో చెప్పక్కర్లేదు. బస్సు కోసం నిలబడ్డ మనిషిని అడక్కుండానే రోడ్డు దాటించేసి, పుణ్యం మూటగట్టుకుని వెళ్లిపోయేవాళ్లూ ఈ ఊళ్లో తక్కువేం కాదు. ఆయన మళ్లీ ఇంకొకరిని పట్టుకుని వెనక్కి దాటాలి.

బస్సు, మెట్రో

చెన్నై సాధారణ బస్సుల్లో దివ్యాంగులకు టికెట్ లేదు. ఎక్కడమే పని. బస్సు స్టాపులో ఆగదు, స్టాపుకి కాస్త ముందో వెనకో, రోడ్డు మధ్యలో ఆగుతుంది. నంబరు ఎవరో ఒకరు చెప్పాలి. ఐఐటీ ఢిల్లీ తయారుచేసిన ఆన్‌బోర్డ్ అనే పరికరంలో ప్రయాణికుడు చేతిలోని మీట నొక్కితే వచ్చిన బస్సు తలుపు దగ్గరి స్పీకరు నంబరు పలుకుతుంది. నంబరూ, తలుపు ఎటుందో దిశా ఒకేసారి తెలుస్తాయి. మెట్లు లేని బస్సుల కోసం చెన్నైలో దివ్యాంగుల హక్కుల కార్యకర్త వైష్ణవి జయకుమార్ హైకోర్టులో పోరాడాక, 2024 ఆగస్టులో ఆ రకం బస్సులు రోడ్డెక్కాయి. ఆ పోరాటాన్ని జనం చక్రాల కుర్చీకే ముడిపెట్టి చూస్తారు గానీ, మెట్టు లేని తలుపు కర్రతో ఎక్కేవాళ్లకీ మేలే.

మెట్రో సంగతి వేరు. 2015 జూన్‌లో మొదలైన చెన్నై మెట్రో అంధ ప్రయాణికులకి నచ్చడానికి కారణం ఏసీ కాదు. తలుపు రోజూ అదే చోట తెరుచుకుంటుంది, స్టేషన్ పేరు తమిళంలో, ఇంగ్లిషులో వినిపిస్తుంది, మెట్ల ఎత్తులో తేడా ఉండదు. భూమి కింది స్టేషన్లలో ప్లాట్‌ఫాం అంచున గాజు గోడ, రైలు తలుపుకి ఎదురుగానే తెరుచుకునే తలుపులు ఉన్నాయి. పట్టాల మీద పడే ప్రమాదం అక్కడ లేనట్టే. స్తంభాల మీది స్టేషన్లలో ఆ గోడ లేదు, నేల మీది గుబ్బల పలకలే హద్దు. సెంట్రల్ దగ్గర దిగి థౌజండ్ లైట్స్ వైపు వెళ్లేవాళ్లకి దారంతా భూగర్భమే కాబట్టి, కొత్తగా నేర్చుకునేవాళ్లకి అది మంచి మొదటి ప్రయాణం.

గొడవ స్టేషన్ గుమ్మం దాటాక మొదలవుతుంది. 118.9 కిలోమీటర్ల రెండో దశ పనులతో ఊరంతా బారికేడ్లు వెలిశాయి. ఒక బారికేడు పది అడుగులు జరిగితే కళ్లున్నవాళ్లు విసుక్కుని పక్కనుంచి పోతారు. చూపులేని మనిషికి ఆ వీధి లెక్క మొత్తం మళ్లీ మొదటికొస్తుంది, మళ్లీ ఎవరో ఒకరిని వెంటబెట్టుకుని నేర్చుకోవాలి. భవిష్యత్తులో ఎక్కువ మేలు చేయబోయే మెట్రోయే ఇన్నేళ్లు కొందరిని ఇంట్లో కూర్చోబెట్టడం ఒక వింత.

గుబ్బల పలకల గురించి కూడా చెప్పుకోవాలి. జపాన్‌లో సెయిచి మియాకె 1965లో వీటిని రూపొందించాడు, 1967లో ఒకయామాలో మొదటిసారి పరిచారు. పొడుగు గీతలంటే సాగిపొమ్మని, గుండ్రటి గుబ్బలంటే ఆగి చూసుకోమని. మన దగ్గర ఫుట్‌పాత్ కొత్తగా వేసినప్పుడల్లా ఇవి పరుస్తున్నారు, కానీ చాలాచోట్ల ఇది దారి చూపే వస్తువన్న స్పృహ లేకుండా అందానికి వేసినట్టు వేస్తారు. గీతలు నేరుగా వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకో చెట్టుకో గుద్దుకుంటాయి. బూడిదరంగు నేల మీద బూడిదరంగు పలకే వేస్తే కాస్త చూపున్నవాళ్లకి ఉపయోగమేముంది? పసుపు రంగు నియమం వాళ్ల కోసమే. ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్లు అడ్డంకి లేకుండా ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎప్పుడో చెప్పింది. రవాణా బడ్జెట్‌లో 60 శాతం నడకకీ సైకిలుకీ అంటూ చెన్నై కార్పొరేషన్ 2014లోనే విధానం తెచ్చింది, 2019లో పాండీ బజార్ రూపు మార్చింది. కాగితం మీద లోటు లేదు, తప్పక పాటించాలన్న కట్టడికే లోటు. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తప్పుపట్టింది కూడా దీన్నే: దివ్యాంగులు వాడుకోగలిగేలా రోడ్లూ భవనాలూ ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చెయ్యాలని కేంద్రానికి 3 నెలల గడువిచ్చింది.

ఫోన్ ఎంతవరకు

తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ తెలుగులో మాట్లాడుతుంది, మ్యాప్ మలుపులు చెబుతుంది, 2015లో వచ్చిన బీ మై ఐస్ యాప్‌లో కెమెరా చూపిస్తే ఎక్కడో ఉన్న వాలంటీరు బోర్డు చదివి పెడతారు. ఇవన్నీ నిజమైన సుఖాలే. కానీ ఆకాశం బాగా కనబడే చోట కూడా ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా ఉంటుంది. పెరంబూరు వీధుల్లో 5 మీటర్లంటే రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా. ఏ వీధిలో ఉన్నారో ఫోన్ చెబుతుంది, వీధిలో ఎక్కడున్నారో కర్రే చెప్పాలి. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవడం మాత్రం ఉన్న ఒక్క రక్షణనీ మూసేసుకోవడమే.

ఇంట్లోవాళ్లు

‘నువ్వెందుకు, తమ్ముడు తీసుకెళ్తాడుగా’ అన్న మాటలో ప్రేమే ఉంది. తమ్ముడికి సెలవు దొరికిన రోజే బయటి లోకం అన్న షరతు కూడా అందులోనే ఉంది. ఆడపిల్లల విషయంలో ఆ షరతు ఇంకా బిగుసుకుంటుంది, అపరిచితుల చేయి పట్టుకోవాల్సి వస్తుందన్న భయం దానికి తోడవుతుంది. ఆ భయం ఊహ కాదు. అడగకుండా ముట్టుకున్నవాళ్లకి గట్టిగా ‘చేయి తియ్యండి’ అని చెప్పడం, మోచేయి తనే పట్టుకుని ఎప్పుడైనా వదిలేయగలిగేలా ఉండటం కూడా శిక్షణలో భాగం కావాలి.

మంచి శిక్షకులు ఇంట్లోవాళ్లని కూడా ఒకరోజు పిలిపించుకుంటారు. శిష్యుడు ముందు నడుస్తాడు, శిక్షకుడు పది అడుగుల వెనక మాట్లాడకుండా వస్తాడు, తల్లో భార్యో ఆ వెనక. దారి తప్పినా వెంటనే దిద్దరు. తప్పాడని తనకే తెలిసి, తెలిసిన ఆనవాలు దాకా వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టేదాకా ఆగుతారు. ఆ కొద్ది నిమిషాలు నోరు మూసుకుని ఉండటం ఇంట్లోవాళ్లకి శిష్యుడి పాఠం కన్నా కష్టం.

దారి నేర్చుకోవడం కూడా ఇంటి గుమ్మం నుంచే. ముందు వీధి చివరి టీ కొట్టు దాకా, అక్కణ్నుంచి బస్‌స్టాపు దాకా. వెళ్లిన దారి తిరిగొచ్చేటప్పుడు ఆనవాళ్లన్నీ ఎదురుచేతికి మారతాయి కాబట్టి దాన్ని వేరే దారిలాగే నేర్చుకోవాలి. ఈ సంగతి తెలియక, వెళ్లగలిగి తిరిగి రాలేక బెంబేలెత్తినవాళ్లు బోలెడుమంది.

చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్లకి దగ్గర్లో ఉన్నది పూందమల్లిలోని కేంద్ర ప్రభుత్వ దృష్టి దివ్యాంగుల సంస్థ ప్రాంతీయ కేంద్రం. ప్రధాన సంస్థ డెహ్రాడూన్‌లో ఉంది. తెలుగులోనే నేర్చుకోవాలనుకుంటే హైదరాబాదులో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి పునరావాస విభాగం ఉంది. పెద్ద కంటి ఆసుపత్రుల్లో చూపు బాగా తగ్గినవాళ్ల కోసం ‘లో విజన్ క్లినిక్’ అని వేరే గది ఉంటుంది. రెటీనా డాక్టరు చీటీ మీద రాయకపోయినా అక్కడికి వెళ్లి కర్ర పొడుగు, శిక్షణ చోటు అడగొచ్చు. ఎక్కడ నేర్చుకున్నా చివరి కొన్ని పాఠాలు తమ వీధిలోనే జరిగేలా ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే శిక్షణ కేంద్రం ఆవరణలో ఫ్రీ లెఫ్ట్ ఉండదు.